గుండీలు ఎటు దిక్కు

పొద్దుగాల ఆరున్నరకు
కాశిబుగ్గల ఆటో ఎక్కేటప్పుడు
ఎవ్వరు చూసినా ఒక్క తీరుగనే కనబడ్త:
కింద చీర, మీద మొగోళ్ల అంగి,
తలకు తువ్వాల, కాళ్లకు నీలం రబ్బరు చెప్పులు.
చీర రోజుకొకటి మారుతది.
అంగి మారది.

మొదట అది నాది కాదు, మా ఓదెలుది.
సిమెంటు రంగు, సన్న గీతలు, ఫుల్ చేతులు.
ఎనుమాముల మార్కెట్ల తొలినాడు
మిర్చి తొడిమలు తీస్తే
మోచేతుల దాక మంట లేచి
రాత్రంత పెరుగు రాసుకొని కూసున్న.
తెల్లారి దండెం మీద ఏది అందితే అది తొడుక్కున్న.
గట్ల పట్టిన అలవాటు
పద్నాలుగేండ్లయింది.

ఒకపారి ఓదెలు తెల్వక అదే అంగి ఏసుకొని
పర్కాలకు లగ్గం కోటుకు పోయిండు.
ఉతికిందే. రెండుసార్లు ఉతికిన.
అయినా ఆయన కూసున్న బంతి బంతంత తుమ్ములే.
పిలగాని మేనమామ తుమ్మితే
పాయసం పోయి పంతులు పంచె మీద పడ్డదట.
ఇంటికొచ్చి అంగి ఇప్పి నా ముంగట పడేసి
"ఇగ ఇది నీదే, నాకద్దు" అన్నడు.
మా ఇంట్ల ఆస్తి పంపకం అంటే
అదొక్కటే అయింది.

అంగిల ఏమున్నదే అంత, అంటది మా తోటికోడలు.
కీస ఉన్నది.
ఎడమ దిక్కు, చారెడంత జాగ.
అండ్ల ఫోను, తూకం చీటి, వక్కపలుకులు,
ఒకనాడు షెడ్డు రేకు సందుకెళ్లి పడ్డ
పిచ్చుక పిల్ల కూడ, పగటి బువ్వ దాక.
కొంగున ముడేస్తే ఎన్ని పైసలున్నయో అందరికీ ఎరుక.
రవికల పెడితే తీసేటందుకు గోడ దిక్కు తిరగాలె.
కీసలకెళ్లి తీసిచ్చుడంటే
మనిషి మొకం చూసుకుంట ఇచ్చుడు.

మొన్న ఎండకాలం అంగి భుజం కాడ పిగిలింది.
కుట్టేద్దామంటే దారం నిలవది, బట్ట నిలవది.
మండిబజార్ల ఖుద్దూస్ టైలర్ దుకాణం ఎక్కిన.
"ఓదెలు కొలతలు నా కాడ ఉన్నయమ్మా" అన్నడు.
"నాయి తీస్కో" అన్న.
మెడల టేపు మెడలనే ఉన్నది కొంచెంసేపు.
తర్వాత లోపట మిషన్ మీదున్న కోడలు నఫీసాను పిలిచిండు.
ఆ పిల్ల కొల్చింది, ఆయన గోడ దిక్కు చూసుకుంట రాసిండు.
భుజం పద్నాలుగున్నర. చేయి ఇరవై ఒకటి.
రవికకైతే ఆది రవిక పడేసి వస్త,
ఎవ్వరూ మనిషిని కొల్వరు.
నలభై రెండేండ్లకు ఎరుకయింది
నా భుజమెంతనో.

"గుండీలు ఎటు దిక్కు పెట్టాలె?
మొగోళ్లకు కుడి, ఆడోళ్లకు ఎడమ."

ఇన్నేండ్లు తొడిగిన, గీ ముచ్చట నాకు తెల్వదు.
గోడకు ఏలాడుతున్న అంగీలు చూసిన.
నా చేతులు చూసుకున్న.
కరెంటు లేని పొద్దుల, నిద్ర కండ్లతోని,
పొయ్యి మీద బువ్వ పొంగుతుంటే
అటు చూసుకుంట గుండీలు పెట్టిన చేతులు.
ఇప్పుడు కొత్త తొవ్వ నేర్పుతే అవి ఊకుంటయా?

"పాత అంగికి ఎటున్నయో అటే."
"అయితే మొగోళ్ల అంగే" అని రాయబోయిండు.
"పేరు రాయి భాయ్" అన్న. "కొంరవ్వ అని రాయి.
కీస జర లోతుగ పెట్టు."

సిమెంటు రంగే తీసుకున్న.
నఫీసా గులాబి రంగు ముక్క చూపెట్టింది గాని
మిర్చి దుమ్ముకు గులాబి రంగు
వారం గూడ ఆగది.

ఇగ ఆదివారం మా ఆడిబిడ్డ బిడ్డ పెండ్లి, హన్మకొండల.
పట్టుచీర, నెక్లెసు, ఈపు మీద గాలి తగులుడు.
కట్నం చదివిచ్చేటప్పుడు
నా చెయ్యి దానంతటదే పోయి
ఎడమ రొమ్ము మీద తడుముతున్నది.
పక్కనున్న ముసలమ్మ గాబరయింది,
"ఏమైందే కొంరవ్వ, గుండెల నొస్తున్నదా?
ఎవలన్న నీళ్లు తెండ్రి!"